32 తాళాలు, ఒక మండువా లోగిలి: భోగిలోపు ముగించాల్సిన పని

నవంబరు 17

భీమవరం నుంచి పాలకొల్లు వెళ్ళే రోడ్డు మీద కొత్తగా కట్టిన లాడ్జి. ఓనరుగారు రొయ్యల చెరువుల రైతు. కింద రిసెప్షనూ డైనింగ్ హాలూ, పైన మూడంతస్తులు, అంతస్తుకి ఎనిమిది గదులు. వెనకాల వాళ్ళ తాతల నాటి మండువా లోగిలి ఉంది. దాన్ని పడగొట్టకుండా ఆరు గదులుగా సర్దారు. సంక్రాంతికి హైదరాబాదు నుంచి వచ్చేవాళ్ళు పెంకుటింట్లో పడుకోడానికే ఎక్కువిస్తారని ఆయన లెక్క. ఆ లెక్క తప్పని నేననను. పందేల మూడు రోజులూ భీమవరం చుట్టుపక్కల గది దొరకడం ఎంత కష్టమో ఇక్కడివాళ్ళకి చెప్పక్కర్లేదు.

మా పని 30 గదులు, మేడ మీది తలుపు, స్టోర్ రూమ్ తలుపు, మొత్తం 32 తాళాలు. అన్నీ కార్డుతో తెరుచుకునేవి, బ్యాటరీ మీద నడిచేవి. తలుపుకి వైరు రాదు. తాళం రేడియోలో కంట్రోలర్ అనే పెట్టెకి చెబుతుంది, కంట్రోలర్ నుంచి వైరు రిసెప్షన్‌లోని నెట్‌వర్క్ స్విచ్‌కి, అక్కణ్ణించి కంప్యూటర్‌కి. ఎవరు ఎప్పుడు తెరిచారో, ఏ తాళంలో బ్యాటరీ తగ్గిందో ఆ దారినే తెలుస్తుంది. రేడియో అందకపోయినా తలుపు తెరుచుకుంటుంది, ఎందుకంటే కార్డు వివరం తాళంలోనే ఉంటుంది. కానీ పారేసుకున్న కార్డుని రిసెప్షన్‌లో రద్దు చేస్తే ఆ కబురు తాళందాకా వెళ్ళాలి కదా. వెళ్ళకపోతే దొరికినవాడి చేతిలో అది ఇంకా తాళంచెవే.

కాగితం మీద ప్లాను గీసేశాను. అంతస్తుకొక కంట్రోలర్, లిఫ్టు పక్కన. ఎందుకక్కడంటే వైర్లు పైకెక్కే డక్టు అక్కడుంది. కారిడార్ 22 మీటర్లు కాబట్టి రెండో చివర ఒక రిపీటర్, అంటే విన్న సిగ్నల్‌ని తిరిగి చెప్పే చిన్న పెట్టె. మండువాకి మొదటి అంతస్తు వెనక కిటికీలో ఇంకో రిపీటర్. మూడు కంట్రోలర్లు, నాలుగు రిపీటర్లు. చూడ్డానికి ముచ్చటగా ఉంది.

నవంబరు 20

ముచ్చట మూడు రోజులే.

మూడో అంతస్తులో కంట్రోలర్ బిగించి, రిపీటర్ లేకుండా కొలిచాం. నాతో పనిచేసేవాడు మా తోడల్లుడి కొడుకు, డిప్లొమా చదివాడు. తాళాన్ని చేత్తో పట్టుకుని తలుపు దగ్గర నిలబెడదామన్నాడు. వద్దు, తలుపుకి బిగించి, తలుపు మూసి, నువ్వు లోపలుండి చూడమన్నాను. మా తాళాల్లో రేడియో గది లోపలి వైపు పలకలో ఉంటుంది. బయటి పలక ఇనుము. తలుపు తెరిచి కొలిస్తే వచ్చే అంకె వేరు, మూస్తే వచ్చే అంకె వేరు. లాడ్జిలో తలుపులు రాత్రంతా మూసే ఉంటాయి.

301 దగ్గర మైనస్ 54. 304 దగ్గర మైనస్ 69. చివరి గది 308 దగ్గర తలుపు తెరిస్తే మైనస్ 79, మూస్తే మైనస్ 88.

కొత్తవాళ్ళకి ఒక మాట. ఇవి సిగ్నల్ బలాన్ని డెసిబెళ్ళలో చెప్పే అంకెలు, అన్నీ మైనస్‌లో ఉంటాయి కాబట్టి అంకె పెరిగేకొద్దీ సిగ్నల్ తగ్గినట్టు. 10 తేడా వస్తే బలం పదోవంతుకి పడిపోయినట్టు. నేను మైనస్ 75 దాటనివ్వను. 88 అంటే గాలి అటూ ఇటూ మారినా తెగిపోయేంత సన్నటి దారం.

కారణం దూరం ఒక్కటే కాదు. లిఫ్టు చుట్టూ కాంక్రీటు గోడ, అందులో చువ్వలు, దాని ముందు ఇనప తలుపు. పైగా కారిడార్ మధ్యలో బీము ఒకటి స్లాబు కిందికి అడుగున్నర దిగింది. మా కంట్రోలర్ ఆ మూల ఇరుక్కుపోయి సగం మాటలు గోడకే చెప్పుకుంటోంది.

నవంబరు 21

ఇవాళ చేసిన తప్పు వివరంగా రాసుకుంటున్నాను, ఈ పనిలో 11 ఏళ్ళున్న నేనే పడ్డాను కాబట్టి.

ప్లాను ప్రకారం 308 పక్కన సాకెట్‌లో రిపీటర్ పెట్టాం. వెంటనే తాళం తెర మీద మైనస్ 47, పచ్చ గుర్తు. మావాడు చప్పట్లు కొట్టాడు. టీ తాగొచ్చాం. వచ్చాక ఎందుకో అనుమానం వచ్చి 308 తాళం మీద కార్డు పదిసార్లు పెట్టించాను. తాళం పదిసార్లూ తెరుచుకుంది. కింద కంప్యూటర్‌లో మాత్రం ఆరే నమోదయ్యాయి. అందులో రెండు నిమిషం ఆలస్యంగా వచ్చాయి.

"పచ్చగా ఉంది కదా బాబాయ్, ఎందుకు పోతున్నాయి?"

తాళం చూపించేది తన పక్కనున్న రిపీటర్‌తో ఎంత బాగా మాట్లాడుతుందో అంతే. ఆ రిపీటర్ కంట్రోలర్‌తో ఎలా మాట్లాడుతోందో అది చూపించదు. సాఫ్ట్‌వేర్‌లో నాలుగు మెనూలు లోపలికెళ్తే ఆ అంకె దొరికింది, మైనస్ 86. సిగ్నల్ చచ్చిన చోట రిపీటర్ పెట్టాం. అది కూడా వినలేనిదాన్నే తిరిగి చెప్పాలని చూస్తోంది.

ఓనరుగారు అప్పుడే మెట్లెక్కి వచ్చారు. ఏమైందంటే చెప్పాను. ఆయన నవ్వి, "శివారు పొలానికి నీళ్ళు రావట్లేదని ఎండిపోయిన బోదెలో ఇంజను దింపారన్నమాట" అన్నారు. నాలుగు మెనూలు వెతికి నేను కనిపెట్టింది ఆయన ఒక్క మాటలో తేల్చేశారు.

రిపీటర్‌ని నీళ్ళున్న చోటికి, అంటే 305 పక్క సాకెట్‌కి వెనక్కి తెచ్చాం. కంట్రోలర్ నుంచి దానికి మైనస్ 66, దాన్నుంచి 308కి తలుపు మూసి మైనస్ 67. కార్డు పదిసార్లు పెడితే పదీ వచ్చాయి. తాళం దగ్గర సిగ్నల్ మునుపటికంటే 20 తగ్గింది, పని మాత్రం నిఖార్సుగా జరిగింది.

రాత్రి ఇంటికొచ్చాక తట్టింది. మధ్యలో రిపీటర్ పెడితే బాగుంటే, కంట్రోలర్‌నే మధ్యలో పెట్టొచ్చు కదా? 12 మీటర్ల క్యాట్ సిక్స్ వైరు ఎక్కువవుతుంది, అంతే. వైరు లాగడానికి బద్ధకించి డక్టు పక్కన పెట్టడం ఇన్నాళ్ళూ నాకు అలవాటైపోయింది.

నవంబరు 23

ఫాల్స్ సీలింగ్ వాళ్ళు పైనుంచి కిందికి వస్తున్నారు. మూడో అంతస్తు మూసేశారు. ఒకటి, రెండు అంతస్తులు ఇంకా తెరిచే ఉన్నాయి. ఆ రెంటిలో కంట్రోలర్లు కారిడార్ మధ్యకి మార్చాం. మూడో అంతస్తుకి పాత ఏర్పాటే, మధ్యలో రిపీటర్‌తో.

మొదటి అంతస్తులో చివరి గదులు రెండు వైపులా మైనస్ 64, 66. రిపీటర్ అక్కర్లేదు. రెండో అంతస్తులో అదే చోట, అదే పెట్టె, కానీ మైనస్ 76. పైకెక్కి చూస్తే ఎలక్ట్రీషియన్ పెట్టెని సీలింగ్ ఇనప చానల్ మీద పడుకోబెట్టాడు. యాంటెన్నా అడ్డంగా, చానల్‌కి ఆనుకుని ఉంది.

మావాడికి గారెతో చెప్పాను. పుల్లలాంటి యాంటెన్నా నుంచి సిగ్నల్ గారె ఆకారంలో వస్తుంది. గారె చిల్లులోంచి పుల్ల గుచ్చినట్టు ఊహించుకో. పక్కలకి పిండి బాగా ఉంటుంది, పుల్ల కొసల వైపు ఏమీ ఉండదు. పుల్ల నిలువుగా ఉంటే గారె కారిడార్ పొడవునా పరుచుకుంటుంది. పుల్లని కారిడార్ వెంట పడుకోబెడితే ఆ కొసలే చివరి గదుల వైపు చూస్తాయి, గారె సగం పైఅంతస్తులోకీ కిందికీ పోతుంది. నిలబెట్టి, చానల్‌కి జానెడు దూరం జరిపితే మైనస్ 65కి వచ్చింది.

ఓనరుగారికి మాత్రం నచ్చలేదు. "ఏవండోయ్, కారిడార్‌లో ఆ నల్ల పెట్టెలు వేలాడితే బావుండదండి." జిప్సం బోర్డుతో చిన్న డబ్బా కట్టి తెల్ల రంగు వేయించాం. జిప్సం రేడియోని పెద్దగా ఆపదు. ఆయన మొదట స్టీలు డబ్బా తెప్పిస్తానన్నారు. దాంట్లో పెట్టడం కంటే పెట్టె కొనకపోవడం మేలని చెప్పాల్సొచ్చింది.

నవంబరు 27

రెండు రోజులుగా వాయుగుండం వాన. కోసిన వరి పనల మీదుందని ఊరంతా దిగాలుగా ఉంది. మాకు మాత్రం ఇది మంచి పరీక్ష.

మండువాకి ప్లాను ప్రకారం మొదటి అంతస్తు వెనక కిటికీలో రిపీటర్ పెట్టాం. అక్కణ్ణించి లోగిలి కప్పు కనిపిస్తుంది, మధ్యలో రెండు కొబ్బరి చెట్లు. ఎండలో కొలిచినప్పుడు లోగిలి ముందు గది మైనస్ 76. ఇవాళ మైనస్ 85. తడిసిన మట్టలు, తడిసిన గోడ. ఈ తాళాలు మాట్లాడే 2.4 గిగాహెర్ట్జ్‌కి నీళ్ళంటే పడదు, తడి ఎక్కడుంటే అక్కడ మింగేస్తుంది. వెనక వైపు రెండు గదులకైతే వానకి ముందు నుంచే సిగ్నల్ లేదు. ఎందుకంటే మండువా నడిమి ఖాళీ మీద కోతులు దిగకుండా ఇనప గ్రిల్లు, దాని మీద దోమల మెష్ వేశారు. పైనుంచి వచ్చే సిగ్నల్‌కి అది మూత.

చెట్లు కొట్టమని నేనడగలేదు. ఓనరుగారు అడక్కుండానే "చెట్టు జోలికెళ్ళొద్దండి" అన్నారు.

మావాడు 866 మెగాహెర్ట్జ్ తాళాలు తెప్పిద్దాం, అవి గోడలు బాగా దాటతాయి కదా అన్నాడు. నిజమే, మన దేశంలో 865 నుంచి 868 వరకు లైసెన్సు అక్కర్లేదు కూడా. అల కూడా పెద్దది. 2.4లో అల 12 సెంటీమీటర్ల పైచిలుకు, 866లో దగ్గర దగ్గర 35. తాళానికీ కంట్రోలర్‌కీ మధ్య ఏ అడ్డూ లేకపోయినా 9 డెసిబెళ్ళ తేడా. కానీ 32 తాళాలూ వచ్చేశాయి, సగం బిగించేశాం. ఒకవేళ ఎవరైనా ఆన్‌లైన్‌లో చవగ్గా ఉందని అమెరికా 915 సరుకు తెప్పిస్తుంటే ఆగండి. ఆ పట్టీ మన దగ్గర లైసెన్సు లేకుండా వాడేది కాదు, అందులో కొంత మొబైల్ ఫోన్లకి ఇచ్చేశారు.

డిసెంబరు 1

తేల్చేశాను. మండువాకి సొంత కంట్రోలర్. రెండు ఇళ్ళ మధ్య 28 మీటర్లు ఫైబర్, రాగి వైరు కాదు. రెండు కట్టడాలకి రెండు ఎర్తింగులు, పక్కనే కొబ్బరి చెట్లు. ఎక్కడో పిడుగు పడితే రాగి వైరు వెంట వచ్చి రెండు చివరలా మాడుస్తుంది. ఫైబర్‌కి ఆ గొడవ లేదు. కన్వర్టర్లు రెండు ఎక్కువ పడతాయి. ఓనరుగారు ఖర్చు విని ఒక నిమిషం చెరువుల వైపు చూసి సరే అన్నారు.

డిసెంబరు 6

పెళ్ళివారి విడిది. డైనింగ్ హాల్లో భోజనాలు, పైన మూడంతస్తులూ మగపెళ్ళివారికి. లాడ్జి అధికారికంగా తెరవలేదు, బంధువులు కాబట్టి ఇచ్చారు. నాకు చెప్పినప్పుడు టెన్షన్ వచ్చింది, తర్వాత సంతోషమూ వేసింది. ఖాళీ బిల్డింగులో ఎన్ని అంకెలు రాసుకున్నా జనం నిండిన రోజే అసలు కొలత.

సాయంత్రం ఆరు దాకా అంతా బాగుంది. ఆరున్నరకి కారిడార్లు నిండిపోయాయి. పట్టుచీరలు, పూలబుట్టలు, సూట్‌కేసులు, పరుగులు పెట్టే పిల్లలు. మొదటి అంతస్తు చివరి గదులు 66 నుంచి 73కి దిగాయి. మనిషి ఒళ్ళంతా నీళ్ళే, పదిమంది వరసగా నిలబడితే తడిగోడే. 73 నేను ముందే వదిలిపెట్టుకున్న అంచులోపలే ఉంది కాబట్టి తట్టుకుంది.

రెండో అంతస్తులో వేరే గొడవ. సిగ్నల్ మైనస్ 65, కానీ కబుర్లు పోతున్నాయి. అంకె బాగుండి కబురు పోతోందంటే గాలిలో ఇంకెవరో అరుస్తున్నారన్నమాట. లాడ్జి వైఫై రౌటర్ ఆటోలో ఉంది. జనం ఎక్కువయ్యేసరికి దానంతటది 40 మెగాహెర్ట్జ్ వెడల్పుకి పాకి మా చానల్ మీద కూర్చుంది. మా తాళాలు జిగ్‌బీ (చిన్న పరికరాలు మాట్లాడుకునే రేడియో పద్ధతి) నిలబడ్డ ప్రమాణంలోనే, 802.15.4లోనే మాట్లాడతాయి. అందులో 11 నుంచి 26 వరకు 16 చానళ్ళు. మేం 20లో ఉన్నాం. వైఫై 1, 6, 11లో 20 మెగాహెర్ట్జ్ వెడల్పుతో బుద్ధిగా ఉంటే 20 వాటి సందులో ఇముడుతుంది, పాకితే ఇమడదు. అక్కడికక్కడే రౌటర్లన్నిటినీ 1, 6, 11కి బిగించి, వెడల్పు 20కి తగ్గించి, మా తాళాల్ని 25కి మార్చాను. 25 వైఫై 11కి కూడా అవతల ఉంటుంది. నయమేమిటంటే చానల్ మారేటప్పుడు తలుపులు ఆగవు, కబుర్లే పది నిమిషాలు ఆగాయి.

రాత్రి తొమ్మిదింటికి మూడో అంతస్తు సగం మాయం. 305 నుంచి 308 వరకు ఒక్క తాళమూ పలకలేదు. వైఫై కాదు, జనం కాదు. మెట్లెక్కి చూస్తే 305 పక్క సాకెట్‌లో ఫోను ఛార్జరు. మా రిపీటర్ కింద గచ్చు మీద, పక్కన మల్లెపూల పొట్లం. ఎవరో పెద్దాయన ఫోన్లో ఛార్జింగ్ అయిపోయిందట, రూమ్ బాయ్ సాయం చేశాడు. "ఏదో దోమల మిషననుకున్నానండి, ఆయ్" అన్నాడు. వాణ్ణేం అనను? చూడ్డానికి అలాగే ఉంది మరి.

డిసెంబరు 8

మూడో అంతస్తు సీలింగ్‌కి మూత కోయించి రిపీటర్‌ని పైకెక్కించాం. ప్లగ్గు లేదు, నేరుగా వైరు, అదీ యూపీఎస్ లైను మీంచి. ఇంతకుముందు ఆ సాకెట్ మామూలు లైను మీదుంది. కరెంటు పోయి జనరేటర్ అందుకునేదాకా రిపీటర్ చచ్చిపడుండేది, మేం గమనించలేదు. బ్యాటరీ తాళాలు బతికే ఉంటాయి, వాటి మాట మోసేవాడే ఉండడు.

డిసెంబరు 19

మండువా పని. ఇది చాలా ఇష్టంగా చేశాను.

గోడలు రెండడుగుల మందం, పాత ఇటుక, సున్నం. వాటిలోంచి సిగ్నల్ దాటించడం వృథా. కానీ ఈ ఇంటిని కట్టినవాళ్ళు నాకు తెలియకుండానే సాయం చేసి పోయారు. ఆరు గుమ్మాలూ నడిమి మండువా వైపే చూస్తున్నాయి. ఉత్తరం వసారాలో చెక్క స్తంభం మీద, చూరు కింద, వాన జల్లు తగలని చోట కంట్రోలర్ పెడితే అన్ని తలుపులూ కంటికి నేరుగా కనిపిస్తాయి. గోడ ఒక్కటీ అడ్డు లేదు. టేకు స్తంభానికి మేకు కొట్టొద్దని ఓనరుగారి అమ్మగారు కూర్చుని కాపలా కాశారు. మేకు కొట్టలేదు, నైలాన్ పట్టీ కట్టాం.

అయినా ఆరింట్లో ఐదు గదులు మైనస్ 84. ఒక్కటి మాత్రం 58. తల గోక్కున్నాం. ఆ ఒక్క గదికీ తక్కిన వాటికీ తేడా ఏమిటా అని చూస్తే, ఆ గదికి దోమతలుపు ఇంకా బిగించలేదు. మిగతా ఐదింటికీ చెక్క తలుపు ముందు ఇనప మెష్ తలుపు. మెష్ కన్ను మిల్లీమీటరున్నర, సిగ్నల్ అల 12 సెంటీమీటర్లు. దానికి ఆ జల్లెడ నిండు రేకే. మెష్ తలుపు తెరిస్తే 58, మూస్తే 84, మావాడు ఇరవైసార్లు తెరిచి మూసి ఆనందించాడు.

మన ప్రాంతంలో దోమతలుపు తీసెయ్యమని ఎవరితోనైనా అనగలమా? ఫైబర్ మెష్ వెయ్యమన్నాను. ఓనరుగారు ముందు ఒప్పుకోలేదు. ఆయన వేలు పెట్టి పాత మెష్‌ని నొక్కి చూపించాను, ఉప్పుగాలికి అంచులు అప్పుడే ఎర్రబడ్డాయి. సిగ్నల్ గురించి పావుగంట చెప్పినా కదలనివాడు తుప్పు చూసి ఒప్పుకున్నారు. మార్చాక ఆరు గదులూ 57 నుంచి 63 మధ్య. పైనున్న ఇనప గ్రిల్లు ఇప్పుడు మాకు మేలే చేస్తోంది, రోడ్డు మీది వైఫైలు లోపలికి దిగట్లేదు.

జనవరి 5

బ్యాటరీల రిపోర్టు చూశాను. తాళానికి నాలుగు పెన్సిల్ సెల్లులు. ఒకే వారంలో వేసినవే, దాదాపు అన్నీ 90 శాతం పైన ఉన్నాయి. 308 మాత్రం 71. డిసెంబరు 8 దాకా కరెంటు పోయి రిపీటర్ ఆగినప్పుడల్లా మళ్ళీ ఆ మైనస్ 88కి పడిపోయిన ఫలితం. కబురు అందలేదని తాళం మళ్ళీ మళ్ళీ పంపుకుంటూ రొప్పింది. సిగ్నల్ సన్నగా ఉన్నా నడుస్తోంది కదా అని ఊరుకుంటే ఏడాది తర్వాత బ్యాటరీ బిల్లులో తెలుస్తుంది. నాలుగు సెల్లులూ మార్చాం.

స్టోర్ రూమ్ మొదటిసారికే కుదిరింది, రాయడానికేం లేదు.

జనవరి 11

భోగికి ఇంక రోజుల్లోకి వచ్చింది. గదులన్నీ బుక్కయిపోయాయట. అప్పగించే ముందు 32 తలుపులూ లోపలి నుంచి ఒకటొకటిగా తెరిచి చూశాం, కార్డు లేకుండా, కంట్రోలర్ల కరెంటు తీసేసి. లోపలి పిడి తిప్పగానే ప్రతిదీ తెరుచుకోవాలి, నిప్పంటుకున్న రాత్రి రేడియో కోసం ఎవరూ ఆగకూడదు. స్టోర్ రూమ్ పిడి బిగుసుగా ఉంటే నూనె వేశాం.

చివరికి తేలింది నాలుగు కంట్రోలర్లు, రెండు రిపీటర్లు. కాగితం మీద మూడు, నాలుగు. మిగిలిన రెండు రిపీటర్లూ నా షాపు అల్మారాలో ఉన్నాయి.

ఒక్కటి కుదరలేదు. మేడ మీది తలుపు అంకె పొద్దున మైనస్ 70, సాయంత్రం మైనస్ 79. రెండో రిపీటర్ అక్కడికోసం పెట్టిందే. యూపీఎస్ లైను అందే చోటు అదొక్కటే అని ట్యాంకులకి అవతల పెట్టాం. మావాడు మూడు రోజులు గంటగంటకీ రాసుకుని పట్టుకున్నాడు. రిపీటర్‌కీ తలుపుకీ మధ్య 2,000 లీటర్ల ప్లాస్టిక్ ట్యాంకులు రెండున్నాయి. మోటార్ వేసి నింపితే సిగ్నల్ పడిపోతుంది, స్నానాలయ్యాక లేస్తుంది. పండక్కి జనం నీళ్ళు బాగా వాడతారు కాబట్టి ఈ మూడు రోజులూ పర్వాలేదన్నాడు వాడు. కనుమ మర్నాడు వెళ్ళి వైరు సాగదీసి రిపీటర్‌ని మెట్ల గది గోడకి మారుస్తాం.